తాతయ్య ఫోన్ చేశాడంటే.. బంగాళాఖాతంలో ఏదో మొదలైనట్టే!

'ఒరే, ఎటు పోతోందది?'

హలో ఉండదు. బాగున్నావా ఉండదు. తాతయ్య ఫోన్ చేస్తే మొదటి మాట ఇదే. హైదరాబాద్‌లో నేను ఏ మీటింగ్‌లోనో ఉంటా. మైక్ మ్యూట్‌లో పెట్టేసి, పక్క ట్యాబ్‌లో విండీ తెరిచి, బంగాళాఖాతం మీద తిరుగుతున్న ఆ రంగుల సుడి ఎటు కదులుతోందో చూసి చెప్పాలి.

'ఒడిశా వైపు వెళ్ళిపోతోంది తాతయ్యా. మనకి కాదు.'

ఒక్క క్షణం ఆగేవాడు. 'అక్కడ మాత్రం మనుషులు లేరా ఏంటి' అని ఫోన్ పెట్టేసేవాడు.

ఏడాది మొత్తం మీద ఆయన నాకు చేసే ఫోన్లు ఆరో ఏడో. అన్నీ మే నెలలో, లేదంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపు. నా పుట్టినరోజుకి చేయడు. ఉద్యోగం వచ్చిందని చెబితే 'ఊఁ' అన్నాడు. రూమ్‌మేట్స్‌కి ఇదో పెద్ద జోక్. 'మీ తాత ఫోన్ చేశాడంటే మనం గొడుగులు కొనుక్కోవాల్రా' అనేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. రైతు కదా, కోతకొచ్చిన వరి గురించి బెంగ అనుకునేవాణ్ణి. రెండున్నర ఎకరాలకి ఇంత హడావుడి అవసరమా అని ఒకసారి మొహం మీదే విసుక్కున్నాను కూడా. ఆయనేం అనలేదు. మళ్ళీ తుఫానుకి మళ్ళీ చేశాడు.

అది వరి గురించి కాదని ఆయన పోయాక తెలిసింది. అది కూడా ఒక గవర్నమెంట్ ఫారం నింపుతుంటే.

నులక మంచం మీద ప్రభుత్వం

మాది దివిసీమ. కృష్ణమ్మ సముద్రంలో కలిసే ముందు రెండు పాయలుగా విడిపోతుంది కదా, ఆ రెండు పాయల మధ్య నేల. మీ ఇంట్లో ఎవరైనా డీఎస్సీకి ప్రిపేరై ఉంటే అవనిగడ్డ పేరు వినే ఉంటారు, కోచింగ్ సెంటర్ల వల్ల. అక్కడి నుంచి ఇంకా కిందకి, నాగాయలంక వైపు వెళ్తే మా ఊరు. విజయవాడ నుంచి కరకట్ట మీద బస్సులో వస్తుంటే ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క అరటి తోటలు. పులిగడ్డ దాటామంటే ఇల్లు వచ్చేసినట్టే.

ఊళ్ళో ఆయన్ని అందరూ 'పెద్దాయన' అనే పిలిచేవాళ్ళు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, అరుగు మీద నులక మంచం. ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆ మంచం దగ్గరికి వెళ్ళి రావాల్సిందే. నన్ను ఇంజినీరింగ్‌లో సీఎస్‌ఈలో వేయాలా, ఈసీఈలో వేయాలా అని మా నాన్న వారం రోజులు పదిమందిని కనుక్కుని, పేపర్ మీద రాసుకుని మరీ వెళ్ళాడు. తాతయ్య అంతా విని, 'ఏది తొందరగా అయిపోద్ది?' అనడిగాడు. రెండూ నాలుగేళ్ళే అన్నాం. 'అయితే వాడికేది ఇష్టమో అదే' అని లేచి దూడకి గడ్డి వేయడానికి వెళ్ళిపోయాడు. అంతే మీటింగ్.

ఆధార్ ప్రకారం ఆయన పుట్టింది 1940 జనవరి 1న. మా ఊళ్ళో ముసలాళ్ళు చాలామంది జనవరి 1నే పుట్టారు లెండి. తేదీ తెలియకపోతే కంప్యూటర్‌లో అదే పడుతుంది. మాలాంటి వాళ్ళం దాన్ని 'డిఫాల్ట్ వాల్యూ' అంటాం. ప్రతి న్యూ ఇయర్‌కి ఫ్యామిలీ గ్రూప్‌లో ఆయనకి హ్యాపీ బర్త్‌డే స్టిక్కర్లు పెట్టేవాళ్ళం. ఆయనకి స్మార్ట్‌ఫోనే లేదు.

వేలిముద్ర ఇంకో గోల. నాట్లు, కోతలు, మోకులు లాగడం.. చేతి గీతలన్నీ అరిగిపోయాయి. పింఛను కోసం మెషీన్ మీద బొటనవేలు పెడితే 'మళ్ళీ ప్రయత్నించండి'. తుడిచి పెడితే మళ్ళీ అదే. నేను ఆఫీసులో చేసేది లాగిన్ సిస్టమ్స్ పని, అంటే మనిషి ఎవరో మెషీన్ గుర్తుపట్టే పని. సెలవులకి వెళ్ళినప్పుడు కొబ్బరినూనె రాసి, కాసేపాగి తుడిచి, పది వేళ్ళూ ఒక్కొక్కటే పెట్టించి చూశాను. చివరికి ఎడమచేతి చూపుడువేలు పనిచేసింది. 'ఇదొక్కటే మిగిలిందన్నమాట' అని నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది తక్కువ కాబట్టి గుర్తుండిపోయింది.

కొన్ని అలవాట్లు మాత్రం మాకు అర్థమయ్యేవి కావు. అటక మీద ఎప్పుడూ రెండు లావాటి మోకులుండేవి. ఏటా కార్తీకంలో దించి, ఎండలో పరిచి, చీకిన చోట కొత్త పురి పేని మళ్ళీ పైన పెట్టేవాడు. వాటితో ఏ పనీ చేయగా నేను చూడలేదు. ఎందుకు తాతయ్యా అంటే 'ఉంటే మంచిది' అనేవాడు. డాబా కట్టినప్పుడు మేస్త్రీతో గొడవపడి మరీ మెట్లు ఇంటి లోపలికి పెట్టించాడట. చుట్టుపక్కల అందరి మెట్లూ బయటే. మా ముందుగది సగం ఆ మెట్లకే పోయింది, అమ్మ ఇప్పటికీ తిట్టుకుంటుంది.

మాఘ పౌర్ణమికి మా వైపు ఊళ్ళన్నీ హంసలదీవి కదులుతాయి. వేణుగోపాలస్వామి దర్శనం, సాగర సంగమంలో స్నానం. ఆయన ఒక్కసారీ రాలేదు. మమ్మల్ని పంపించి, తిరిగొచ్చేదాకా ఊరి బస్టాప్‌లో కూర్చునేవాడు. బస్సు దిగగానే మా తలలు లెక్కపెట్టుకునేవాడు. పిల్లలం ఏడుగురం. ఏడు వచ్చాక లేచి, ముందు నడిచేవాడు.

'కూతుళ్ళు ముగ్గురు కదయ్యా?'

2025 ఫిబ్రవరిలో పోయాడు. రాత్రి పెరుగన్నం తిని పడుకున్నాడు, పొద్దున లేవలేదు. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం అయింది. అరుగు నిండా చెప్పులు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను.

పెద్దకర్మ అయ్యాక పేపర్ల పని మొదలైంది. ఇంట్లో కంప్యూటర్ చదివినవాడు నేనే కాబట్టి అది నా నెత్తినే పడింది. మీకూ ఏదో ఒకరోజు పడుతుంది కాబట్టి ఒక మాట చెప్తా. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించేయండి. ఆ తర్వాత ఆలస్య రుసుము, అనుమతులు అంటూ తిరగాలి. ఇంకోటి, పెద్దవాళ్ళు బతికుండగానే వాళ్ళ బ్యాంకు ఖాతాలో నామినీ పేరు ఉందో లేదో చూడండి. తాతయ్య ఖాతాలో ఆ గడి ఖాళీ. బ్యాంకులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. పొలం మా పేర్ల మీదకి మారాలన్నా అదే కావాలన్నారు. సచివాలయంలో అప్లికేషన్ పెట్టాను. ఎంక్వయిరీకి వీఆర్వో మా ఇంటికే వచ్చారు.

అరుగు మీద కుర్చీ వేశాం. నులక మంచం మీద ఎవరం కూర్చోలేదు. వీఆర్వో గారు నేను నింపిన ఫారం పైకి చదివారు. 'భార్య ఒకరు. కొడుకు ఒకరు. కూతుళ్ళు ఇద్దరు. అంతేనా?'

అంతే సార్ అన్నాను.

సాక్షి సంతకానికి పిలిచిన పక్కింటి పెద్దాయన, తాతయ్య ఈడువాడే, పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. 'కూతుళ్ళు ముగ్గురు కదయ్యా?'

చాదస్తం అనుకుని నవ్వబోయా. నాన్న వైపు చూస్తే ఆయన పెరట్లోకి చూస్తున్నాడు. పెద్దత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమ్మం దగ్గర గోడకానుకుని కూర్చున్న నాయనమ్మ, సరిగ్గా వినపడక ఏది అడిగినా రెండుసార్లు అడిగించుకునే నాయనమ్మ, ఇది మాత్రం ఒక్కసారికే వింది.

'నలుగురు పిల్లలు బాబూ. రాసుకోండి.'

'పేరు చెప్పండమ్మా' అన్నారు వీఆర్వో. నాయనమ్మ చెప్పింది. ఆయన ఫారం చూసి, 'ఆ పేరు ఆల్రెడీ ఉందమ్మా, మీ చిన్నమ్మాయిది' అన్నారు.

'అది తన పేరే సార్. తర్వాత నాకు పెట్టారు' అంది చిన్నత్త.

డేటాబేస్‌లో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే ఒకటి తీసేసే ప్రోగ్రాములు రాసి జీతం తీసుకుంటున్నాను నేను. ఆ పూట ఎటు చూడాలో తెలియక పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నా. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి నాకు. చిన్నత్త కంటే ముందు ఇంకో అత్త ఉండేదని ఎవరూ చెప్పలేదు.

వీఆర్వో గారు మంచాయన. 'ఏదైనా రికార్డు ఉందా? పుట్టినదానికైనా, పోయినదానికైనా?' అనడిగి, తనే మళ్ళీ మెల్లగా, 'ఉప్పెనలోనా?' అన్నారు. నాన్న తలూపాడు. ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నారు. వారసుల కింద ఆ పాప పేరు రాదని, కాగితం ముక్క లేకుండా రాస్తే అఫిడవిట్లు అడుగుతారని, ఫైలు పైన ఆగిపోతుందని నన్ను వీధిలోకి తీసుకెళ్ళి చెప్పారు. నాయనమ్మ ముందు చెప్పలేదు.

ఆ శనివారం

1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. ఈ తేదీ నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఎనిమిదో తరగతిలో దీని మీద వ్యాసం రాసి ఫస్ట్ ప్రైజ్ కొట్టా. సముద్రం దాదాపు రెండంతస్తుల ఎత్తున మీదికొచ్చిందని, అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారని, సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయని రాశా. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా విరాళాలు అడిగారని రాశా. ఇంకో పేరా కావాల్సి వచ్చి తాతయ్యకి ఫోన్ చేసి, 'నువ్వు చూశావా, ఎలా ఉండేది?' అనడిగా. 'నాకు గుర్తులేదురా' అన్నాడు. అంత పెద్దది ఎలా మర్చిపోతారు అని నాన్న దగ్గర కంప్లైంట్ కూడా చేశా. నాన్న అప్పుడూ ఏం మాట్లాడలేదు.

వీఆర్వో వచ్చి వెళ్ళిన రాత్రి డాబా మీద పడుకున్నాం. నేను అడగలేదు, నాన్నే మొదలుపెట్టాడు.

అప్పుడు నాన్నకి పదేళ్ళు, పెద్దత్తకి పదమూడు, ఆ పాపకి మూడు. నాయనమ్మ వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదని కబురొస్తే నాలుగు రోజుల ముందు చల్లపల్లి వెళ్ళింది. పాపని తీసుకెళ్దామంటే అది నాన్న దగ్గరే ఉంటానని ఏడ్చింది. 'ఉండనియ్యి, నేను చూసుకుంటాలే' అన్నాడట తాతయ్య.

'తుఫానొస్తుందని తెలుసురా. గాలికి, వానకి భయపడ్డాం. సముద్రమే లేచి వస్తుందని ఎవరనుకుంటారు?' అన్నాడు నాన్న. సాయంత్రానికి చప్పుడొచ్చింది. ముందు రైలు అనుకున్నాడట. మా ఊరికి రైలు లేదు. తాతయ్య పెద్దపిల్లలిద్దర్నీ తాటాకు కప్పు మీదకి తోశాడు. తను పాపనెత్తుకుని ఎక్కాడు. కట్టడానికి తాడు లేదు. పంచె చించి వాళ్ళిద్దర్నీ వాసాలకి కట్టాడు. పాపని చేత్తో పట్టుకున్నాడు. గోడలు కూలి కప్పు మొత్తం తెప్పలాగా కొట్టుకుపోయింది. చీకట్లో తాడిచెట్టుకి గుద్దుకుంది.

'నాన్న అరిచిన అరుపు ఒక్కటే తెలుసు నాకు' అన్నాడు నాన్న. 'తెల్లారి చూస్తే తుమ్మచెట్ల మధ్య ఉన్నాం. నాన్న కుడిచెయ్యి గుప్పిట మూసే ఉంది. ఎంతసేపటికీ తెరవలేదు.'

పాప దొరకలేదు. తాతయ్య ఎన్ని రోజులు తిరిగాడో నాన్నకి గుర్తులేదు. ఎవరు ఎవరో తెలియని పరిస్థితుల్లో సామూహికంగా దహనాలు చేసేస్తున్న రోజులు. ప్రతి గుట్ట దగ్గరికీ వెళ్ళి చూసొచ్చేవాడట. దారులు తెగిపోయి నాయనమ్మ ఎప్పటికో వచ్చింది. వాకిట్లో నిలబడి పిల్లల్ని చూసింది. ఇద్దరే ఉన్నారు. ఏమైందని అడగలేదు. ఆయన చెప్పలేదు. 'ఆ తర్వాత కూడా అడగలేదురా అమ్మ. ఇప్పటిదాకా అడగలేదు.' రెండేళ్ళకి చిన్నత్త పుట్టింది. ఆ పేరు పెట్టమన్నది నాయనమ్మే. ఆ పేరుతో చిన్నత్తని తాతయ్య ఏనాడూ పిలవలేదు. 'అమ్మాయ్' అనేవాడు. ముద్దు అనుకునేవాళ్ళం మేం.

మరి మాకెందుకు చెప్పలేదు అనడిగితే నాన్న, 'మీకు చెబితే మీరెళ్ళి ఆయన్ని అడుగుతారని' అన్నాడు. నిజమే. వ్యాసానికి ఒక పేరా దొరికేది నాకు.

నాకు కోపం కూడా వచ్చింది, దాచుకోవడం ఎందుకు. ఇంట్లో ఇంత పెద్ద సంగతి పెట్టుకుని, ఫోన్ చేసి 'ఎటు పోతోంది' అని మాత్రం అడగడమేంటి? ఒక్కసారి చెప్పి ఉంటే నేను విసుక్కునేవాణ్ణి కాదు కదా. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ వచ్చినప్పుడు ఒక్కరోజులో పదకొండుసార్లు చేశాడు. అది బాపట్ల దగ్గర తీరం దాటే తుఫాను, మాకు బాగా దగ్గర. నాకు ఆ రోజు రిలీజ్ ఉంది. ఎనిమిదో కాల్ నుంచి ఎత్తలేదు. కాల్ లాగ్ ఇప్పటికీ ఉంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు.

నాలుగు పేర్లు

సర్టిఫికెట్ వచ్చింది. నాయనమ్మ, పెద్దత్త, నాన్న, చిన్నత్త. ప్రింట్ తీసుకుని ఇంటికెళ్ళాను. నాయనమ్మకి చదవడం రాదు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, తిప్పి, 'ఎంతమంది పేర్లు పడ్డాయిరా?' అంది.

దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటూ వచ్చా. రూల్స్ ఏంటో, వారసులంటే ఎవరో, అఫిడవిట్ ఎందుకు కావాలో. నోట్లోంచి మాత్రం, 'నలుగురు నాయనమ్మా' అని వచ్చింది.

అబద్ధం కాదు. ఆవిడతో కలిపి నాలుగు పేర్లే ఉన్నాయి అందులో. ఆవిడ లెక్కపెట్టుకున్న నలుగురు వేరు. 'నలుగురూ పడ్డారా' అని ఇంకోసారి అడిగి, మడతపెట్టి, తాతయ్య ట్రంకుపెట్టెలో ఆయన పంచెల కింద పెట్టింది. బ్యాంకుకి ఇంకో కాపీ తీసుకున్నాం. నాన్న అంతా విన్నాడు, ఏమీ అనలేదు. చెప్పేద్దామని రెండుసార్లు అనుకున్నా. చెప్పలేదు. మా ఇంటి రోగం నాకూ అంటుకున్నట్టుంది.

తాతయ్య సిమ్ నా ఫోన్‌లో రెండో స్లాట్‌లో వేసుకున్నా, బ్యాంకు మెసేజ్‌ల కోసం. ఖాతా మూసేశాక తీసేద్దామనుకున్నా. రీచార్జ్ చేస్తూనే ఉన్నా. ఎరువుల షాపు ఆఫర్లు వస్తుంటాయి. జనవరి 1కి ఎవరో ఒక కంపెనీ వాళ్ళు బర్త్‌డే విషెస్ పంపుతారు.

అక్టోబర్ చివర్లో మొంథా వచ్చింది. మా వైపు అందరికీ సెల్‌ఫోన్లలో హెచ్చరికలు, స్కూళ్ళకి సెలవులు, లోతట్టు ఊళ్ళ వాళ్ళని ముందే తుఫాను షెల్టర్లకి పంపడం. 1977లో ఇవేవీ లేవు. నేను మూడు రోజుల ముందు నుంచే విండీ తెరిచి కూర్చున్నా. ఎవరూ అడగకపోయినా గంటగంటకీ చూస్తున్నా. 28వ తేదీ రాత్రి, ఇంకో రెండు మూడు గంటల్లో తీరం దాటుతుందనగా నాన్న నంబర్ నుంచి ఫోన్.

'ఒరే. ఎటు పోతోందది?'

నాయనమ్మ. నాకు తెలిసి ఆవిడ ఫోన్ చేతపట్టుకోవడం అదే మొదలు. పక్క నుంచి నాన్న గొంతు వినిపిస్తోంది, 'చెవి దగ్గర పెట్టుకోమ్మా, అటు కాదు' అని.

గట్టిగా అరుస్తూ చెప్పాను. 'నరసాపురం దగ్గర దాటేట్టుంది నాయనమ్మా. మనకి గాలి, వాన ఉంటాయి. నీళ్ళు రావు.'

'నీళ్ళు రావా?'

'రావు.'

'మోకులు దింపించా మీ నాన్న చేత. మెట్ల దగ్గర పెట్టాం' అంది.

మంచి పని చేశావన్నాను. ఇంకేమైనా అంటుందేమోనని ఆగా. ఏమీ అనలేదు. ఆవిడకి ఫోన్ కట్ చేయడం రాదు. ఒళ్ళో పెట్టుకున్నట్టుంది. కిటికీ రెక్క కొట్టుకుంటున్న చప్పుడు, కొబ్బరిచెట్ల హోరు, మధ్యలో అమ్మ ఎవర్నో అన్నానికి పిలవడం.. అన్నీ వినిపిస్తున్నాయి. లాప్‌టాప్‌లో ఆ సుడి మెల్లగా తీరం వైపు కదులుతోంది. నేనూ కట్ చేయలేదు. ఛార్జర్ వెతుక్కుని ఫోన్‌కి పెట్టి, స్పీకర్ ఆన్ చేసి మంచం పక్కన పెట్టుకున్నా.